వంటగది లేని ద్వీపం

మా వైపు ఎవరైనా ప్రయాణం మాటెత్తితే, ఎదురుగా ఉన్నవాళ్ళతో "మీరూ రండి, అందరం కలిసి వెళ్దాం" అనాలి. అనకపోతే మొరటు మనిషంటారు. విన్నవాళ్ళు గుండె మీద చెయ్యి వేసుకుని "మీరు వెళ్ళి రండి, మీ దారి తెల్లగా ఉండాలి" అనాలి. అనకపోతే ఇంకా మొరటు. అది నిజం పిలుపు కాదని పిలిచినవాడికీ తెలుసు, విన్నవాడికీ తెలుసు. ఆ తెలియడంలోనే ఇద్దరి మర్యాదా నిలుస్తుంది. ఇన్నేళ్ళ బతుకులో ఆ రెండో మాట అనకుండా వదిలేసిన మనిషిని ఒక్కణ్ణే చూశాను. మా కింది వాటాలో ఉండే జన్‌బొలాత్‌కి అన్న. పేరు సతిబల్ది.

జన్‌బొలాత్ కరెంటు సబ్‌స్టేషన్‌లో పనిచేస్తాడు. అతని భార్య ఉల్జాన్ ఒకప్పుడు చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో నా దగ్గర పనిచేసింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక పిల్లల ఆసుపత్రి వంటశాలలో చేరింది. ఆ ఏడు వాళ్ళ కూతురికి రాజధానిలో ఉద్యోగం దొరికింది. ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోయినట్టుందని అంది ఉల్జాన్. పెళ్ళయిన ఇన్నాళ్ళకు, మొగుడూ పెళ్ళాలిద్దరే, ఒక్కసారి సముద్రం చూసి రావాలనుకున్నారు.

జనవరిలో ఒక సాయంత్రం పటం చూడ్డానికి మా ఇంటికి వచ్చారు. నా భార్య మర్జియా భూగోళం టీచరు. బడికి కొత్త పటాలు వచ్చినప్పుడు పారేయబోతున్న పాత ప్రపంచ పటాన్ని చుట్టచుట్టి తెచ్చి మా హాల్లో గోడకు కొట్టింది. అందులో ఇప్పుడు లేని దేశాలు కొన్ని ఉన్నాయి. మర్జియా కూడా ఇప్పుడు లేదు. ద్వీపాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఉల్జాన్ స్టూలెక్కి వేలితో సముద్రాలు తుడుస్తోంది. బయట మంచు. కిటికీ అద్దాల మీద పువ్వుల్లా గడ్డకట్టిన ఆవిరి.

"అన్నయ్యగారూ, ఇక్కడ మచ్చ ఉంది. ఇది ద్వీపమా, ఈగ రెట్టా?"

"రెట్టే. ద్వీపం దాని పక్కన ఉంది చూడు."

"చైనా వాళ్ళ హైనాన్ అయితే దగ్గర," అన్నాడు జన్‌బొలాత్, చేతులు వెనక్కి కట్టుకుని. "విమానంలో ఎక్కువసేపు కూర్చోనక్కర్లేదు. మా సబ్‌స్టేషన్‌లో అందరూ అక్కడికే వెళ్ళొచ్చారు."

"అందరూ వెళ్ళొచ్చిన చోటికి మనమెందుకు? వాళ్ళ కాలిగుర్తులు చూడ్డానికా?" ఆమె వేలు కిందికి జారింది. "శ్రీలంక. పేరు బాగుంది. ఏనుగులుంటాయట."

"ఏనుగుల కోసం వెళ్తున్నామా, నీళ్ళ కోసమా?"

"నేను నీళ్ళ కోసం. మీ సంగతి మీరు తేల్చుకోండి."

ఆమె ఏ ద్వీపం కావాలో చెప్పలేదు గానీ ఎలాంటిది కావాలో చెప్పింది. మా ఊరివాళ్ళందరూ ప్రతి జూలైలో అలకోల్ సరస్సుకు వెళ్తారు. ఉప్పునీళ్ళు, నల్ల గులకరాళ్ళు, డేరాలు ఎగరగొట్టే గాలి. సతిబల్ది కుటుంబం, అతని కొడుకులు, కోడళ్ళు, మనవలు, వియ్యంకులు, అందరూ కార్ల వరుసలో బయల్దేరతారు. ముందు కారు మీద పెద్ద కజాన్ బోర్లించి కట్టి ఉంటుంది. ముగ్గురు మనుషులు కూర్చునేంత ఇనప బాన అది. దాని వెనకాల ఉల్జాన్.

"నేను అలకోల్‌లో ఇప్పటిదాకా ఎంత లోతు దిగానో తెలుసా?" స్టూలు మీదినుంచి వంగి తన కాలి మడమ చూపించింది. "గిన్నెలు కడగడానికి ఇంతవరకే చాలు. నాకు మెత్తటి ఇసుక కావాలి. మెడ దాకా నీళ్ళు కావాలి. బయటికి వచ్చాక ఎవరో, నాకు తెలియని మనిషి, టీ తెచ్చి నా ముందు పెట్టాలి. అంతే. ఏ ద్వీపమైనా సరే."

 ఆమె స్టూలు దిగుతుంటే జన్‌బొలాత్ చెయ్యి అందించాడు. అంత చిన్న విషయం నేనెందుకు గుర్తుపెట్టుకున్నానంటే, ఇరవై ఏళ్ళుగా వాళ్ళ పక్కన ఉంటూ ఆ చెయ్యి అందించడం మొదటిసారి చూశాను.

వెళ్ళేటప్పుడు గడపలో ఆగి అతను నాతో కూడా అన్నాడు. "మీరూ రండి అన్నయ్యా, కలిసి వెళ్దాం."

నేను గుండె మీద చెయ్యి వేసుకున్నాను. "మీరు వెళ్ళి రండి. మీ దారి తెల్లగా ఉండాలి."

*

వారం తిరక్కుండానే ఉల్జాన్ మళ్ళీ వచ్చింది, ఈసారి ఒక్కతే. తలుపు కొట్టిన తీరులోనే తెలిసింది. చెప్పులు విప్పి సరిగ్గా పెట్టే మనిషి, ఒకటి అటూ ఒకటి ఇటూ విసిరేసి నేరుగా వంటింట్లోకి వచ్చి కూర్చుంది. నేను టీ పొయ్యబోతే నా చేతిలోంచి లాక్కుని తనే పోసింది. తర్వాత తను చేసిన పని చూసుకుని కూజా టక్కున బల్ల మీద పెట్టింది.

"చూశారా? చేతులకి కూడా అలవాటైపోయింది. నరికేసినా టీలు పోస్తూనే ఉంటాయి."

"ఏమైందమ్మా?"

"బావగారు వస్తున్నారు."

"ఎక్కడికి?"

"ఎక్కడికేమిటన్నయ్యగారూ, ద్వీపానికి!"

జరిగిందేమిటంటే, ముందు రోజు సతిబల్ది ఇంట్లో చలికాలపు గుర్రం మాంసం విందు. అందరూ తింటున్నారు. జన్‌బొలాత్ ఫిబ్రవరిలో సెలవు పెడుతున్నానని నోరు జారాడు. అన్న ఎందుకన్నాడు. తమ్ముడు సముద్రానికన్నాడు. ఆ తర్వాత, మాట అక్కడితో తెంచడం మర్యాద కాదు కాబట్టి, "మీరూ రండి అన్నయ్యా, వదిన్ని కూడా తీసుకుని" అన్నాడు.

"బావగారు ఎముక చీకుతున్నారు," అంది ఉల్జాన్. ఆమె అతణ్ణి అనుకరించడం మొదలుపెట్టింది. మెడ లోపలికి పోయింది, గొంతు గరగరమంది. "'సరే. వస్తాం. ఎప్పుడు బయల్దేరడం?' అంతే! గుండె మీద చెయ్యి లేదు, దారి లేదు, తెలుపు లేదు. 'సరే' అట! ఈయన ముఖం చూడాలి మీరు. గొంతులో ఎముక అడ్డం పడింది ఎవరికో తెలియలేదు."

నాకు నవ్వొచ్చింది. ఆమె కళ్ళు చూసి మింగేశాను.

"నవ్వండి. ఇంకా ఉంది. ఈ పొద్దున బావగారు ఫోన్ చేసి ద్వీపం కూడా తేల్చేశారు. హైనాన్. ఎందుకో చెప్పనా? అక్కడ ఏదో బంగళా ఉందట, నాలుగు పడగ్గదులు, వంటగది. వంటగది, అన్నయ్యగారూ! 'అక్కడేం తింటాం, పీతలా, పురుగులా? మన గుర్రం మాంసం కజీ మనం పట్టుకుపోదాం, ఉల్జాన్ ఉడకేస్తుంది, హాయిగా ఉంటుంది.' ఎవరికి హాయి? రైహాన్ అక్క ఏ గిన్నెలు తేవాలో చెప్పేసింది. మొత్తం భూమ్మీద సముద్రం ఉంది, అందులో వెయ్యి ద్వీపాలున్నాయి, నాకు మటుకు వాటిలోంచి ఒక పొయ్యి ఏరి పెట్టారు!"

కోపంతో ఆమె పెదాలు తెల్లబడ్డాయి. ఏడవలేదు. ఏడిస్తే నాకు కాస్త తేలికయ్యేది.

"జన్‌బొలాత్ ఏమంటున్నాడు?"

"ఏమంటాడు? 'అన్నయ్య నన్ను పెంచాడు' అంటాడు. నాన్న పోయినప్పుడు చదువు మానేసి పెంచాడు, తన కోటు విప్పి తొడిగాడు. నాకు తెలీదా? ఆ కోటు కథ నా పెళ్ళి నాటినుంచి వింటున్నాను. ఆ కోటుకి ఈపాటికి మనవలు పుట్టి ఉండాలి. అన్నగారిని పట్టుకుని 'రావద్దు' అనమని నేను అడగలేదు. ఆ మాట ఈయన నోట్లో లేదు. నా నోట్లో ఉంది, కానీ నేను కోడల్ని. నేనంటే ఇక మా ఇంటి గడప ఎవరూ తొక్కరు."

అది నిజం. మా వైపు తమ్ముడి భార్య బావగారి పేరు కూడా పలకదు. రావద్దని ఎలా అంటుంది?

ఆమె టీ తాగకుండా కప్పుని గుండ్రంగా తిప్పుతూ కూర్చుంది. ఉన్నట్టుండి అడిగింది.

"అన్నయ్యగారూ, మీరు ఏ సంవత్సరంలో పుట్టారు?"

"గొర్రె సంవత్సరం."

"బావగారిది కోతి." మా దగ్గర ఏళ్ళకి పన్నెండు జంతువుల పేర్లు వరసగా తిరుగుతాయి; ఆమె ఆ వరసని వేళ్ళ మీద లెక్కపెట్టింది. "అయితే మీరే పెద్ద."

"ఒక్క ఏడు."

"ఒక్క ఏడు చాలు. శనివారం మా ఇంటికి భోజనానికి రండి. ప్రయాణం సంగతి మాట్లాడుకోవడానికి బావగారు, అక్క వస్తున్నారు. ఈయన చేత గొర్రె కోయిస్తున్నాను."

 అన్న ఉన్న ఇంట్లో వేరే ఎవరినో పెద్దగా కూర్చోబెట్టడమంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. మాంసం పళ్ళెంలో గొర్రె తలకాయని ఎవరి ముందు పెడతారో, ఆ విందుకి అతనే పెద్ద. భోజనం చివర దీవెన అతనే చెప్పాలి. దీవెనలో పలికిన మాటని మా దగ్గర ఎవరూ వెనక్కి లాగరు. చేతులెత్తి ఆమిన్ అన్నాక అది అయిపోయిన పనే.

"నేను మిమ్మల్ని ఏమీ అడగడం లేదు," అంది ఉల్జాన్ లేస్తూ. "ఆకలితో రండి. అంతే."

*

శనివారం నేను వెళ్ళేసరికి సతిబల్ది తలుపుకెదురుగా, దిళ్ళు ఎత్తుగా పేర్చిన పెద్దల చోట కూర్చుని ఉన్నాడు. పెద్ద మనిషి, పెద్ద చేతులు. నన్ను చూసి కొంచెం పక్కకి జరిగాడు. సగం దిండు ఇచ్చినట్టయింది. అతని భార్య రైహాన్ లావుపాటి శాలువా కప్పుకుని గోడకి ఆనుకుంది. ఉల్జాన్ గుమ్మం దగ్గర, టీ నీళ్ళు కాగే సమోవార్ పక్కన కూర్చుంది, ఇంటి కోడలు కూర్చునే చోట.

మొదట టీ వచ్చింది. మా ఇళ్ళల్లో కప్పు సగమే పోస్తారు. సగం కప్పు అంటే ఇంకా కూర్చోండి, మళ్ళీ పోస్తామని. నిండా పోస్తే తాగేసి ఇక లేవమని. ఉల్జాన్ నాకు సగం పోసింది. రైహాన్‌కి సగం పోసింది. సతిబల్దికి మటుకు అంచు దాకా, ఒక్క చుక్క వేస్తే ఒలికేలా నింపి, పడకుండా రెండు చేతులతో పట్టుకుని, తల వంచి అందించింది.

సతిబల్ది మాటల్లో ఉండి చూసుకోలేదు. రైహాన్ చూసింది. కప్పుని చూసి, ఉల్జాన్‌ని చూసి, తన కప్పులోకి చూసుకుంది.

"అది ఆడవాళ్ళ గొడవ," అంటున్నాడు సతిబల్ది. "ఇసుక మెత్తగా ఉందా, నీళ్ళు నీలంగా ఉన్నాయా. నేను అసలు సంగతి చూశాను. బంగళాలో పొయ్యి నాలుగు మంటలది. ఫ్రిజ్ ఇంత పెద్దది. ఒక గుర్రం పడుతుంది."

"గుర్రాన్ని విమానం ఎక్కించనిస్తారా అన్నయ్యా?" అన్నాడు జన్‌బొలాత్, నవ్వించాలని.

"కోసి ఎక్కిస్తాంరా మొద్దూ."

"పెద్ద కజాన్ తేలేం గానీ," అంది రైహాన్, "చిన్నది నా పెట్టెలో పడుతుంది. మూత ఉల్జాన్ పెట్టెలో."

"మూత నా పెట్టెలో," అంది ఉల్జాన్ మెల్లగా. "అవునక్కా, నాకు కావలసింది అదే. సముద్రం ఒడ్డున మూత వేసుకుని కూర్చుంటాను."

సతిబల్ది పకపకా నవ్వాడు. "నోరు చూశావా దీనికి! ఒరే జన్‌బొలాత్, దీన్ని నీళ్ళలోకి దించకు, చేపలు పారిపోతాయి. అయినా ఈ వయసులో నీకు ఈతబట్టలెందుకే ఉల్జాన్? ఎవరు చూడాలని?"

ఉల్జాన్ ముఖం ఎర్రబడింది. జన్‌బొలాత్ ముందు పరిచిన భోజనాల గుడ్డ మీది పువ్వుల్ని చూస్తున్నాడు. నేను అతణ్ణి చూశాను, అతను తల ఎత్తలేదు. నాకు అప్పుడే కోపం మొదలైంది, కానీ అది ఇంకా వాళ్ళ ఇంటి కోపమే. నాది కాలేదు.

"మేం పటంలో వెతికాం అన్నయ్యా," అన్నాడు జన్‌బొలాత్, మాట మార్చడానికి. "పైన ఈయన ఇంట్లో పెద్ద పటం ఉంది కదా, దాంట్లో. చాలా ద్వీపాలున్నాయి. ఫుకోక్ అని ఒకటి, వియత్నాం కింద..."

"పటంలో ఎన్నైనా ఉంటాయి. చూస్తే సరిపోతుంది." సతిబల్ది నా మోకాలి మీద చరిచాడు, చనువుగా. "ఇదిగో, ఈ తెమిర్‌ఖాన్ గారి భార్య సరిపెట్టుకోలేదూ? జీవితమంతా గోడ మీది సముద్రమే చూసుకుంది మహాతల్లి. ఏమైనా తక్కువైందా? ఆడదానికి గోడ మీది సముద్రం చాలండీ. తడవదు."

అతను చెడ్డగా అనలేదు. అదే నన్ను మండించింది. వాతావరణం గురించి అన్నట్టు అన్నాడు.

మర్జియా చివరి నెలల్లో మంచం హాల్లోకి మార్పించుకుంది. పటం కనబడాలని. మందుల వల్ల నిద్ర పట్టనప్పుడు ద్వీపాల పేర్లు పైనుంచి కిందికి చదివేది. ఒకసారి నర్సు, తెలియని పిల్ల, ఆమె కాళ్ళకి నూనె రాస్తూ "ఇవాళ ఏ ద్వీపం అమ్మమ్మా?" అని అడిగింది. ఆ పిల్ల అడిగిన ఆ ఒక్క మాటకి నేను ఇప్పటికీ దణ్ణం పెడతాను. అలాంటిది ఇతను నా మోకాలు చరిచి, తడవదు అంటున్నాడు.

కప్పు కింద పెట్టాను. దాన్ని మళ్ళీ అందుకోలేదు. 

*

జన్‌బొలాత్ వంటింట్లోకి వెళ్ళి మాంసం పళ్ళెం తెచ్చాడు. పిండి రేకుల మీద మాంసం, పైన ఉడికిన తలకాయ, ఆవిరి. సతిబల్ది అప్పటికే చొక్కా చేతులు పైకి మడిచి కత్తి అందుకున్నాడు. ఆ ఇంట్లో పెళ్ళైన నాటినుంచీ తలకాయ అతనిదే.

జన్‌బొలాత్ పళ్ళెం పట్టుకుని మధ్యలో ఆగిపోయాడు. తలకాయ ముక్కు ఎటు తిప్పాలో అతనే తేల్చాలి. ఆ పని ఇంటి యజమానిది, ఇంకెవరూ చేయలేరు. ఉల్జాన్ గుమ్మం దగ్గర లేచి నిలబడింది. కనుసైగ కూడా చేయలేదు. చేతులు రెండూ కిందికి వేలాడేసి, ఖాళీగా, నిలబడింది. ఆ చేతులు ఖాళీగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. జన్‌బొలాత్ కూడా చూసి ఉండడు.

అతను వంగి పళ్ళెం పెట్టాడు. ముక్కు నావైపు ఉంది.

సతిబల్ది కత్తి గాల్లోనే ఆగింది.

"ఏరా, కళ్ళు కనబడటం లేదా?" అన్నాడు సతిబల్ది.

"కనబడుతున్నాయన్నయ్యా." జన్‌బొలాత్ గొంతు పీలగా ఉంది. "పెద్దవారు ఆయనే. గొర్రె సంవత్సరం."

"ఎవడు చెప్పాడు నీకు ఈ సంవత్సరాలన్నీ?"

"అడిగి తెలుసుకున్నాం."

"తెలుసుకున్నాం!" సతిబల్ది ఆ బహువచనాన్ని ఉమ్మేసినట్టు పలికాడు. "తెలుసుకున్నారు, ఇద్దరూ. నా కోటు తొడుక్కుని పెరిగినవాడు నాకు ఇవాళ సంవత్సరాలు నేర్పుతున్నాడు."

"ఆ కోటు వెచ్చగా ఉండేదన్నయ్యా," అన్నాడు జన్‌బొలాత్. "అది నేనెప్పుడూ కాదనలేదు."

 కూర్చోవడానికి అన్న పక్కకి కాక, గుమ్మం వైపు, ఉల్జాన్ దగ్గరికి వెళ్ళాడు.

సతిబల్ది చేతిలోని కత్తి నాకు ఇవ్వాలి కదా. ఇవ్వలేదు, పళ్ళెం అంచున పెట్టాడు. నేను తీసుకున్నాను. కుడి దవడ నుంచి ఒక ముక్క కోసి నోట్లో వేసుకున్నాను. తర్వాత చెవి కోశాను. చెవిని చిన్నవాళ్ళకిస్తారు, పెద్దల మాట వినమని. అది చేతిలో పట్టుకుని ఒక్క క్షణం సతిబల్ది ముఖంలోకి చూశాను. అతని ముందు పెట్టాలని నా చెయ్యి ఎంత కోరుకుందో చెప్పలేను. పెట్టి ఉంటే ఊరంతా ఏడాదిపాటు నవ్వేది. అతని ముఖం మీద చెమట, గడ్డం కింద తినేటప్పుడు ఒలికిన చుక్క ఒకటి చూశాను. చెవిని జన్‌బొలాత్‌కి ఇచ్చాను. అతనే అక్కడ చిన్నవాడు.

తిన్నారు.  రైహాన్ ఒక్కతే రెండుసార్లు "మాంసం మెత్తగా ఉడికింది" అంది. ఉల్జాన్ రెండుసార్లూ "మీ దయ" అంది.

తర్వాత అందరూ చేతులు తుడుచుకుని నావైపు చూశారు.

నేను రెండు అరచేతులూ తెరిచాను. నేను కోపిష్టిని కాను. ల్యాబులో పరీక్షనాళికలు పగలగొట్టినవాళ్ళని కూడా కసరలేదని నామీద ఫిర్యాదు ఉండేది. కానీ ఆ రోజు నోరు తెరిస్తే వచ్చిన గొంతు నాదని నేనే గుర్తుపట్టలేదు.

"పైనున్నవాడా, ఈ ఇంటి ఉప్పు పెరగనీ. ఈ ఇంటి వెలుగు ఆరకుండనీ. జన్‌బొలాత్, ఉల్జాన్, ఈ ఇద్దరూ ద్వీపానికి బయల్దేరుతున్నారు. ఇద్దరుగా వెళ్ళనీ, ఇద్దరుగా తిరిగి రానీ. మధ్యన నువ్వు తప్ప మూడో మనిషి లేకుండనీ. వెళ్ళిన చోట పొయ్యి ఈమెని గుర్తుపట్టకుండనీ. గరిటె ఈమె చేతికి దొరక్కుండనీ. పరాయి చెయ్యి వండింది తిననీ, పరాయి చెయ్యి పోసింది తాగనీ. నీళ్ళు మెడ దాకా రానీ, మెడ దాటకుండనీ. ఒళ్ళంతా తడవనీ. ఇక్కడున్నవాళ్ళం, అన్నగారు, వదినగారు, ఈ ముసలివాడు, మా ఇళ్ళల్లో మేం కూర్చుని వాళ్ళ రాక కోసం ఎదురుచూసే బుద్ధినివ్వు. గోడ మీది సముద్రం చాలనుకునేవాళ్ళకి గోడలు చల్లగా ఉండనీ. ఆమిన్."

అందరికంటే ముందు ఆమిన్ అన్నది రైహాన్. గట్టిగా, గదంతా వినబడేలా అంది. ఆమిన్ తర్వాత అందరూ చేసేట్టు రెండు అరచేతులతో ముఖం తుడుచుకుంది. మొగుడి వైపు చూడకుండా అంది. తర్వాత ఉల్జాన్, జన్‌బొలాత్. సతిబల్ది చేతులు అన్నిటికంటే ఆలస్యంగా లేచాయి. దీవెన ముందు చేతులెత్తకుండా ఉండగల మనిషి మా వైపు పుట్టలేదు. ఎవరో ఉమ్మిన ముఖం తుడుచుకున్నట్టు తుడుచుకుని లేచాడు. చివరి టీ కోసం ఆగలేదు.

నడవలో బూట్లు తొడుక్కుంటూ నాతో అన్నాడు. "నీకేం, ఇంట్లో ఎవరూ లేరు. కుటుంబాలు విడగొట్టడానికి తీరిక ఉంది."

ఆ మాట గుచ్చుకుంది. ఇప్పటికీ గుచ్చుకుంటుంది.  జవాబు చెప్పి ఉంటే మంచి మాట వచ్చేది కాదు.

రైహాన్ వెనకే వచ్చి శాలువా సర్దుకుంటూ ఉల్జాన్ మోచెయ్యి పట్టుకుంది. "ఇసుక నల్లగా లేని చోటు చూసుకో," అంది గొంతు తగ్గించి. "ఆ కజాన్ తోమీ తోమీ నా చేతులూ పోయాయే పిల్లా. నువ్వొక్కదానివే అనుకుంటున్నావు."

 తలుపు మూసుకున్నాక ఉల్జాన్ గోడకి ఆనుకుని, "ఇన్నాళ్ళూ ఈవిడ కూడా నా పక్కనే తోముతోంది," అంది. "మరి మూత నా పెట్టెలో అంటుందేం?" కోపం ఇంకా తగ్గలేదు. ఎవరి మీదో మటుకు తెలియలేదు.

*

మర్నాడు టికెట్ల ఆఫీసుకి ఇద్దరూ వెళ్ళారు. అక్కడి అమ్మాయి తెర మీద గదులు చూపిస్తూ, దీంట్లో వంటగది ఉంది, దీంట్లో చిన్న పొయ్యి ఉంది, దీంట్లో టీ కెటిల్ ఉంది అని చెబుతోందట. ఉల్జాన్ బల్ల మీద చెయ్యి కొట్టిందట.

"కెటిల్ కూడా లేనిది చూపించమ్మా."

"ఆంటీ, అందరూ ఉన్నదే అడుగుతారు."

"నేను అందర్నీ కాను."

అలా ఫుకోక్ తేలింది, దక్షిణపు కొసన, తెల్ల ఇసుక ఒడ్డు. నా దగ్గరికి వచ్చి పటంలో దాన్ని వెతికింది. ఈగ రెట్ట పక్కనే ఉంది. ఇద్దరం నవ్వాం. తర్వాత ఆమె కాసేపు ఆ పటం ముందు ఊరికే నిలబడింది. పైనుంచి కిందికి పేర్లు చదవడం మొదలుపెట్టింది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

వాళ్ళు వెళ్ళిన మూడో రోజో నాలుగో రోజో ఫోన్ చేసింది. వెనకాల ఆగకుండా ఏదో హోరు. గాలి అనుకున్నాను.

"వినబడుతోందా అన్నయ్యగారూ? అది నీళ్ళ చప్పుడు. రాత్రీ పగలూ ఇలాగే అరుస్తుంది. నాకంటే కోపంగా ఉంది."

"దిగావా?"

"మెడ దాకా దిగాను. మీరు మెడ దాటకుండనీ అన్నారు కదా, ఒక అల దాటింది. ముక్కులోంచి ఉప్పు ఇంకా పోలేదు. ఈయన ఒడ్డున నిలబడి పాంటు మడుచుకుంటున్నారు. రోజూ ఒక మడత పైకి వెళ్తోంది. ఇంకో వారముంటే మోకాళ్ళ దాకా వస్తారు."

"టీ?"

ఆమె గొంతు ఫోన్‌కి దగ్గరగా వచ్చింది.

"అదే చెబుదామని చేశాను. మొదటి పొద్దున ఒక కుర్రాడు, తెల్లచొక్కా వాడు, ట్రే మీద టీ తెచ్చి నా ముందు పెట్టాడు. అంచు దాకా పోశాడన్నయ్యగారూ. నిండుగా, ఒలికేలా. నా ఒళ్ళు మండిపోయింది. ఇంత దూరం వచ్చి, ఇన్ని తిప్పలు పడి, కూర్చున్న మరుక్షణం లేచి పొమ్మంటున్నాడా అని! లేచి నిలబడ్డాను. సంచి కూడా తీసుకున్నాను. ఈయన నా చీలమండ పట్టుకుని లాగి కూర్చోబెట్టారు. 'వాళ్ళకి తెలీదు ఉల్జాన్, చుట్టూ చూడు' అన్నారు. చూశాను. అందరి కప్పులూ నిండుగానే ఉన్నాయి. ఎవరూ లేవడం లేదు."

"అప్పుడేం చేశావు?"

"ఏం చేస్తాను. కూర్చున్నాను. అంతా తాగేశాను. వాణ్ణి పిలిచి మళ్ళీ పొయ్యమన్నాను."